మిల్లు చెవులూ ఆఫీసు చెవులూ

మా నాన్నకి చెముడు లేదు. ఈ మాట ఆయనే చెప్పాడు, చాలా గట్టిగా చెప్పాడు. అంత గట్టిగా అరవడం దేనికని అమ్మ వెనక నుంచి అడిగింది. ఆయన పేపరు చదువుకుంటూ కూచున్నాడు.

నాన్న భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెలు రోలర్ల మధ్య నలిగి సాగి బయటికొచ్చే చోటు అది. అక్కడ మనిషి మాట మనిషికి వినబడదు. చెవుల్లో పెట్టుకోమని చిన్న బిరడాలు ఇచ్చేవారు, రెండిటినీ కలుపుతూ ఒక తాడు. ఆ బిరడాలు ఆయన చెవుల్లోకి ఎన్నిసార్లు వెళ్ళాయో నాకు తెలీదు గానీ తాళ్ళు మాత్రం ఇంటికి శుభ్రంగా వచ్చేవి. ఆయన కళ్ళజోడుకి కట్టింది అదే తాడు. అమ్మ కత్తెరకి కట్టింది అదే. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ఒక పక్కకి ఒరగకుండా పట్టుకున్నదీ అదే. చెవుల్ని తప్ప ఇంట్లో అన్నిటినీ అవి కాపాడాయి.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి భిలాయి-3 వైపు చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను రెండు వీధుల అవతల ఉంటాను, పక్క ఊరు దుర్గ్‌లో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. నాన్న ప్రాణం మాత్రం పాత క్వార్టరున్న క్యాంప్ 1 పేటలోనే ఉండిపోయింది. అక్కడొక టీకొట్టు ఉంది. పాత మిల్లు స్నేహితులంతా సాయంత్రాలు దాని దగ్గర పోగవుతారు. నాన్న స్కూటరు తీసి పెద్ద రోడ్డు మీద లారీల మధ్యలోంచి రోజూ అక్కడికి వెళ్ళొస్తాడు. ఒక్క పూట మానేస్తే ఇంట్లో అందరికీ జ్వరం వచ్చినట్టు మొహం పెడతాడు.

గొడవ ఆ రోడ్డు మీదే మొదలైంది. అమ్మ ఆయన వెనక కూచుని వెళ్తోంది. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టింది. నాన్న తప్పుకోలేదు. మళ్ళీ కొట్టింది, ఆపకుండా కొట్టింది. ఆయన రోడ్డు మధ్యలోనే, పెళ్ళికి వెళ్తున్నవాడిలా నింపాదిగా పోతున్నాడు. అమ్మ నడుం మీద గిల్లితే అప్పుడు పక్కకి లాగాడు, అది కూడా గిల్లినందుకు తిడుతూ. అమ్మ అక్కడికక్కడే దిగిపోయి ఆటో ఎక్కి నేరుగా మా ఇంటికొచ్చింది.

"సెవులైనా సూపించుకోమను, బండి తాళమైనా ఇచ్చీమను. రెండిట్లో ఒకటి తేలకపోతే నాను అన్నం వొండను," అంది.

అమ్మ అన్నం వండనంటే అది మామూలు బెదిరింపు కాదు, అందుకని ఆ సాయంత్రమే వెళ్ళాను. నాన్న ఎదురుగా కూచుని విషయం చెప్పాను. ఆయన అంతా చక్కగా విన్నాడు, ఒక్క మాట కూడా తప్పిపోలేదు. ఎదురుగా కూచుంటే ఆయనకి ఎప్పుడూ అంతా వినబడుతుంది. మా ఇంట్లో ఈ తగువు ఇన్నేళ్ళు తెగకపోవడానికి అదే కారణం.

"ఆ లారీ హారనే పాడైపోయుంటది," అన్నాడు.

"హారన్ పాడైపోతే అమ్మకెలా వినబడింది?"

"మీ అమ్మకి లేనివి కూడా ఇనబడతాయి." ఆ వెంటనే అసలు సంగతి బయటపెట్టాడు. "మిల్లోళ్ళంతా సెవిటోళ్ళని ఆఫీసోళ్ళు పుట్టించినారు ఆ మాట. ఏసీ గదుల్లో కూకున్నోళ్ళు. నువ్వు లెక్కల మేడమ్మువి కదా, రుజువు సెయ్యి. మా మిల్లోళ్ళ సెవులకి, ఆ ఆఫీసోళ్ళ సెవులకి తేడా ఉందని లెక్క తేల్చు. అప్పుడు దుర్గ్‌లో ఏ డాక్టరు దగ్గరికంటే ఆ డాక్టరు దగ్గరికొస్తాను. తేలకపోతే ఇంకెప్పుడూ నా బండి జోలికి రాకూడదు."

చూడండి తెలివి. గొడవ ఒక మనిషి రెండు చెవుల గురించి. దాన్ని మొత్తం మిల్లు జాతి పరువు సమస్యగా మార్చేశాడు. నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, లెక్కల పేరెత్తి నన్ను రెచ్చగొడితే అసలే ఆగలేను. సరేనన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆమె లారీ గురించి చెప్తే నేను పరీక్ష గురించి ఒప్పందం చేసుకుని లేచాను.

నా వృత్తి గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. రెండు జనాభాలని పోల్చడమంటే ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి ఎవరు పొడుగో చూడ్డం కాదు. మిల్లులో పనిచేసిన వాళ్ళందరినీ, ఆఫీసులో పనిచేసిన వాళ్ళందరినీ నేను కొలవలేను. కొందర్ని తీసుకుంటాను. ముందుగా, రెండు గుంపులకీ ఏ తేడా లేదనుకుని మొదలెడతాను. ఆ తర్వాత దొరికిన కొలతలు ఆ అనుకున్నదాని పరువు తీసేంత దూరంగా ఉన్నాయా లేదా అని చూస్తాను. పరువు పోతే తేడా ఉందంటాను. పోకపోతే నోరు మూసుకుంటాను. ఈ చివరి భాగం నా వృత్తిలో చాలామందికి చేతకాదు, నాన్నకి అసలే చేతకాదని తర్వాత తెలిసింది.

దేన్ని కొలవాలి? "మీకు బాగా వినబడుతుందా" అని అడిగితే భిలాయిలో మగాడన్నవాడెవడూ లేదనడు. డాక్టరు యంత్రం దగ్గరికి రమ్మంటే ఎవరూ రారు. అందుకని టీవీని పట్టుకున్నాను. చెవి మందగించినవాడు టీవీ గట్టిగా పెడతాడు కదా. ఇంటాయన రోజూ కూచునే కుర్చీ దగ్గర నా ఫోను పెట్టి, శబ్దం కొలిచే యాప్‌తో చూసేస్తే సరి. ఆ ఆలోచన వచ్చినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇళ్ళు ఎంచడానికి అమ్మ సాయం తీసుకున్నాను. ఆమెకి తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటికీ చీటీలు రాసి, మిల్లువి ఒక గిన్నెలో, ఆఫీసువి ఇంకో గిన్నెలో వేసి తీయమన్నాను. అమ్మ ఒక చీటీ తీసింది, చదివింది, మడిచి మళ్ళీ గిన్నెలో పడేసింది.

"అదేంటమ్మా?"

"ఆళ్ళింటికి నాను రాను. కూతురి పెళ్ళికి మనల్ని పిలవనేదు."

"అమ్మా, ఇది ర్యాండమ్. ఏది వస్తే దానికే వెళ్ళాలి."

"నీ ర్యాండమ్ ఆళ్ళింటికి ఎల్లమను," అంది. ఆ చీటీ కోసం అరగంట పోట్లాడుకున్నాం. చివరికి ఆ ఇంటికి నేనొక్కదాన్నే వెళ్ళాను. పెళ్ళికి పిలవనందుకు వాళ్ళు నా దగ్గర బోలెడంత బాధపడ్డారు, కొలత మాత్రం బాగా వచ్చింది.

జంతికల డబ్బా పట్టుకుని మేమిద్దరం సాయంత్రాలు తిరిగాం. ప్రతి ఇంట్లోనూ అదే తంతు. జంతికలు ఇవ్వడం, వద్దంటున్నా టీ రావడం, ఇంటాయన కుర్చీలో నేను "పొరపాటున" కూచోవడం, ఫోన్ని మోకాలి మీద పెట్టుకోవడం. పండగ సభల్లో మైకు పట్టుకుంటే వదలని ఒక అంకుల్ ఉన్నాడు, ఆఫీసులో మంచి హోదాలో రిటైరయ్యాడు. ఆయన ఇంటికి వెళ్తే మర్యాద కోసం టీవీ కట్టేశాడు. మళ్ళీ పెట్టించడానికి నేను వార్తలంటే పడిచచ్చేదాన్నని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన హిందీ వార్తలు పెట్టి, ఆ వార్తల్ని నాకు తెలుగులో మళ్ళీ చదివి వినిపించాడు. తీరా చూస్తే నా ఫోనులో ఎక్కింది ఆయన గొంతే. ఇంకో రోజు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

కొలతలన్నీ అయ్యాక నాన్న ఇంట్లోనే డైనింగ్ టేబుల్ మీద లెక్క వేశాను. ఆయన చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

మిల్లు ఇళ్ళలో టీవీలు ఆఫీసు ఇళ్ళకంటే గట్టిగా లేవు. నేను నమ్మలేదు, మళ్ళీ వేశాను. రెండు గుంపుల సగటుల మధ్య తేడాకి ఒక కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కడతాం. అదొక కంచె లాంటిది. అసలు తేడా ఈ కంచె లోపల ఎక్కడో ఉండొచ్చని, తొంభై అయిదు శాతం భరోసాతో చెప్పుకుంటాం. ఆ కంచె మధ్యలో సున్నా నింపాదిగా మేస్తోంది. సున్నా లోపలుందంటే తేడా లేకపోయినా లేకపోవచ్చు. తేడా లేదని మొదట అనుకున్నదాని పరువు చెక్కుచెదరలేదు. నా పరువే కాస్త చెదిరింది.

"ఏటొచ్చింది?" అన్నాడు నాన్న.

"తేడా ఉందని తేలలేదు."

"అంటే తేడా లేదని తేలింది."

"కాదు నాన్నా. ఉందని తేలలేదంతే."

"రెండూ ఒకటే కదేటి?"

"ఒకటి కాదు! అమ్మ కళ్ళజోడు వంటింట్లో వెతికితే దొరకలేదనుకో. కళ్ళజోడే లేదంటావా? వంటింట్లో కనబడలేదంటావు. అది మంచం కింద ఉండొచ్చు."

"మీ అమ్మ కళ్ళజోడు మీ అమ్మ నెత్తి మీదుంటది," అని తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి క్యాంప్ 1 అంతా తెలిసిపోయింది. లెక్కల మేడమ్ సైన్సు ప్రకారం పరీక్ష పెట్టిందట, మిల్లు చెవులు ఆఫీసు చెవులతో సమానమని సున్నా వచ్చిందట. టీకొట్టు దగ్గర మిరపకాయ బజ్జీలు పంచుకున్నారని కూడా తెలిసింది. నాన్న పక్కన క్రేన్ నడిపి రిటైరైన బాబాయి ఒకాయన ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, "మా పరువు నిలబెట్టినావమ్మా," అన్నాడు. నేను తప్పు దిద్దబోయాను. ఆయన అప్పటికే నాన్న వైపు తిరిగిపోయాడు, నా మాట ఆయన వీపుకి తగిలి కింద పడింది. నేను అప్పుడు అది గమనించలేదు. కోపంగా ఉన్నాను, కోపంలో నేనేమీ గమనించను.

కాలేజీలో ఈ కథ చెప్తే పిల్లలు మరీ రెచ్చిపోయారు. "మేడమ్, తో అంకల్‌జీ సహీ థే నా?" అని ఒకమ్మాయి అడిగింది, అంటే మీ నాన్నగారిదే రైటు కదా అని. ఆ పిల్లకి జవాబు చెప్పకుండా మొత్తం క్లాసుకి హోంవర్కు ఇచ్చాను.

అమ్మ మాత్రం నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. నాన్న స్కూటరు బయటికి తీసినప్పుడల్లా ఆమె మెట్టు మీద నిలబడి, ఆయన వీపు వైపు చూస్తూ, "నెమ్మదిగా ఎల్లండి" అనేది. ఆయన పలికేవాడు కాదు. నా చిన్నప్పుడు క్వార్టర్లో షిఫ్టుకి వెళ్ళేటప్పుడూ అంతే. ఆమె అనేది, ఆయన పలకకుండా వెళ్ళిపోయేవాడు. మగాళ్ళకి ఆ పాటి పొగరు మామూలే అనుకునేదాన్ని. అమ్మ కూడా అలాగే అనుకుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె ఆ విషయం ఆయన తరఫు చుట్టాలందరికీ చెప్పింది. ఆయన వెళ్ళాక తిరిగొచ్చే దాకా వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది.

ఒక సాయంత్రం అలా ఉండబట్టలేక నన్నే టీకొట్టుకి పంపింది, ఆయన చేరాడో లేదో చూసి రమ్మని. వెళ్ళాను. చేరాడు, దివ్యంగా ఉన్నాడు. మిల్లువాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూచున్నారు. కొంచెం అవతల ఆఫీసువాళ్ళు కల్వర్టు గోడ మీద వరసగా, అందరూ రోడ్డు వైపు తిరిగి కూచున్నారు. ఎవరి కబుర్లు వాళ్ళవి. మైకు అంకుల్ కూడా ఆ వరసలోనే ఉన్నాడు.

ఇంతలో ఏదో ఊరేగింపు కోసం డీజే బండి ఒకటి వచ్చి సరిగ్గా టీకొట్టు ముందే ఆగింది, స్పీకర్లు పరీక్షించుకోడానికి. నా పళ్ళు అదిరాయి. కల్వర్టు మీద ఆఫీసువాళ్ళ మాటలు ఠక్కున ఆగిపోయాయి, అందరూ చెవులు మూసుకున్నారు. మిల్లువాళ్ళ కబుర్లు ఆగలేదు. కొంచెం కూడా ఆగలేదు. బాబాయి ఏదో జోకు చెప్తున్నాడు, నాకు ఒక్క ముక్క వినబడలేదు, సరిగ్గా ఎక్కడ నవ్వాలో అక్కడ అందరూ కలిసి నవ్వారు. నాన్న కొట్లో టీ పోసేవాడికి చేతులతో ఏదో చెప్పాడు. రెండు వేళ్ళు, అరచెయ్యి అడ్డంగా, బొటనవేలు కిందికి. కాసేపటికి టీలు వచ్చాయి, నాన్నది పంచదార లేకుండా.

నేను నోరెళ్ళబెట్టి నిలబడిపోయాను. డీజే బండి కదిలాక బాబాయి దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడి అడిగాను. "బాబాయ్, ఆ గోలలో మీకు మాటలెలా వినబడ్డాయి?"

"ఇనడమేటమ్మా? సూడ్డం," అన్నాడు చాలా గొప్పగా. "మిల్లులో నోరు సూసి మాట్లాడతాం. దూరమైతే సెయ్యి సూసి. అలవాటైపోనాది."

"మరి ఇంట్లో టీవీ సౌండ్ ఎవరు పెడతారు?"

"మీ పిన్నే. రిమోట్టు నాకెప్పుడిచ్చింది? న్యూసులో కింద అచ్చరాలొస్తాయి కదా, నాకు సాలు."

అప్పుడు గాని నేను ఎంత అందంగా పప్పులో కాలేశానో తెలియలేదు. మిల్లువాళ్ళ చెవులు కొలుస్తున్నాననుకుని జంతికలు మోసుకుంటూ ఊరంతా తిరిగాను. కొలిచింది వాళ్ళ పెళ్ళాల చెవులు. మిల్లువాళ్ళ పెళ్ళాలకీ ఆఫీసువాళ్ళ పెళ్ళాలకీ వినికిడిలో తేడా కనబడలేదని నిరూపించుకుని వచ్చాను. అది నన్నెవరూ అడగలేదు.

కోపం దిగింది, ఆ స్థానంలో భయం వచ్చింది. నాన్న ఎదురుగా ఉన్నదాన్నంతా చూసేస్తున్నాడు. లారీ ఎదురుగా రాదు కదా, వెనక నుంచి వస్తుంది.

రెండో పరీక్ష అక్కడే, ఆ టీకొట్టు దగ్గరే పెట్టాను. ఈసారి ఒక మనిషిని ఇంకో మనిషితో పోల్చలేదు. ప్రతి మనిషినీ అతనితోనే పోల్చాను. ఒకసారి మొహం ఎదురుగా నిలబడి మాటలు చెప్పి తిరిగి చెప్పించుకోవడం, ఒకసారి వీపు వెనక నిలబడి అదే గొంతుతో, అదే దూరం నుంచి చెప్పడం. ఆ మనిషి వయసు, షుగరు, మొండితనం, పెళ్ళాం, అన్నీ రెండుసార్లూ అవే ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుపోతాయి. మిగిలేది ముందుకీ వెనక్కీ ఉన్న తేడా. మిల్లువాళ్ళ తేడాలొక గుంపు, ఆఫీసువాళ్ళ తేడాలొక గుంపు, ఇప్పుడు ఆ రెంటినీ పోల్చాలి. ఇది మొదటే ఎందుకు చేయలేదని అడగొద్దు.

మాటలు చదవడానికి మైకు అంకుల్‌ని అడిగితే కల్వర్టు మీంచి ఒక్క గెంతు గెంతాడు. మైకు ఉండదని చెప్తే కాస్త నీరసపడ్డాడు, అయినా ఒప్పుకున్నాడు. "పారిశ్రామికాభివృద్ధి, దిగ్విజయము," అంటూ తన మాటలు తాను తయారుచేసుకున్నాడు. అవి తీయించి లడ్డు, గొడుగు, బకెట్టు లాంటివి పెట్టాను. ముందు ఎదురుగానా వెనకానా అన్నది నాణెం ఎగరేసి తేల్చాం. మిల్లువాళ్ళు ఉత్సాహంగా వరస కట్టారు, మొదటి పరీక్ష గెలిచిన ఊపులో ఉన్నారు. అమ్మ కూడా వచ్చింది. బజ్జీల బండి పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆఫీసువాళ్ళు ముందు ఎలా విన్నారో వెనకా దాదాపు అలాగే విన్నారు. మిల్లువాళ్ళు ముందు నుంచి అయితే అంకుల్ నోరు మూయకముందే జవాబు చెప్పేశారు. వెనక నుంచి మొదలెట్టాక వరస తడబడింది. ఒకాయన ప్రతి మాటకీ "లడ్డు" అన్నాడు, ఎప్పుడో ఒకప్పుడు తగలకపోదని. బాబాయి మెడ గోక్కుని, "సార్ కొంచెం పెద్దగా సదవాలి, తిన్లేదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న వంతు వచ్చింది. కుర్చీ వద్దన్నాడు. "నా సీటు ఇదే," అని స్కూటరు ఎక్కి కూచున్నాడు. ఎదురుగా చదివితే అన్నీ చెప్పాడు. అంకుల్ వెనక్కి వెళ్ళి చదివాడు. గొడుగు అంటే గొడుగు, బకెట్టు అంటే బకెట్టు. నాన్న ఒక్కటి కూడా తప్పలేదు.

నాకు కలిగింది సంతోషమో అవమానమో నాకే తెలీదు. అమ్మ కొంగు నోటి మీంచి జారింది. మిల్లువాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు చూశాను, స్కూటరు అద్దంలో నాన్న కళ్ళు. అవి నన్ను చూడట్లేదు, అంకుల్ మూతిని చూస్తున్నాయి. అద్దాన్ని సరిగ్గా ఆ కోణానికి తిప్పిపెట్టుకున్నాడు.

వెళ్ళి అద్దం మడిచేశాను.

"రోడ్డు మీద అద్దం ఉంటది కదే!" అని గయ్యిమన్నాడు.

"లారీకి మూతి ఉంటుందా నాన్నా, చూసి తెలుసుకోడానికి?"

నాన్న దిగొచ్చి కుర్చీలో కూచున్నాడు, రోడ్డుకి వీపు పెట్టి, మిల్లు స్నేహితుల వైపు మొహం పెట్టి. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఫోటోకి కూచున్నవాడిలా నిటారుగా ఉన్నాడు. మొహంలో నవ్వు. అంకుల్ వెనక నిలబడి మాటలన్నీ చదివాడు. ఒక్కో మాట తర్వాత ఆగాడు. నాన్న అలాగే నవ్వుతూ కూచున్నాడు. ఇంకో మాట. ఇంకోటి. అంకుల్ గొంతు ఎంత గట్టిదో మా ఊళ్ళో అందరికీ తెలుసు. చివరి మాట కూడా అయిపోయింది.

నాన్న కొంచెం కదిలి సర్దుకున్నాడు. "కానియ్యండి సార్," అన్నాడు. "ఇంకా మొదలెట్టరేటి?"

ఎవరూ నవ్వలేదు. నాన్న తన స్నేహితుల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఏ మొహం మీదా చదవడానికేమీ లేదు, అందరూ కళ్ళు దించుకున్నారు. బాబాయి ఒక్కడే తల ఎత్తాడు. రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టి మెల్లగా విడదీశాడు. మిల్లులో లైను ఆగిపోయిందని చెప్పే సైగ అది. నా చిన్నప్పుడు నేను అల్లరి చేస్తే నాన్న నాకు చూపించేది అదే సైగ.

నాన్న అర్థం చేసుకున్నాడు. నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. నేను గెలిచాను. గెలిచానని అనుకోవాల్సిన చోట ఏడుపొచ్చింది, దాన్ని దాచుకోడానికి బజ్జీల బండి వైపు తిరిగాను. అక్కడ అమ్మ ఉంది, అప్పటికే ఏడుస్తోంది.

ఆయన లేచి స్కూటరు తాళం తీసి అమ్మ చేతిలో పెట్టాడు. బండిని టీకొట్టు దగ్గరే వదిలేసి ముగ్గురం ఆటోలో ఇంటికొచ్చాం. దారంతా ఆయన ఆటో చిన్న అద్దంలో వెనక రోడ్డు చూస్తూ కూచున్నాడు.

లెక్క తర్వాత వేశాను. ఈసారి సున్నా కంచె దరిదాపుల్లో కూడా లేదు. ఎవరూ ఆ కాగితం అడగలేదు.

దుర్గ్‌లో చెవుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. వినికిడి యంత్రాలు రెండు చెవులకీ పెట్టి, ఆయన వెనక్కి వెళ్ళి, హిందీలో పేరు అడిగింది. నాన్న తల తిప్పకుండా చెప్పాడు. చెప్పాక తనే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. మిల్లు స్నేహితులు ఆ యంత్రాల్ని చూడ్డానికి ఇంటికి యాత్రలా వచ్చారు. "ముందు నువ్వు కొన్నాళ్ళు పెట్టుకో, మేం సూస్తాం," అన్నాడు బాబాయి. ఆ తర్వాత ఒక్కొక్కడే దొంగతనానికి వెళ్ళినట్టు దుర్గ్ వెళ్ళొచ్చారు.

ఇంట్లో మాత్రం కొత్త రభస మొదలైంది. ఫ్యాను ఇంత అరుస్తుందా అని నాన్న విసుక్కున్నాడు. న్యూసులో ఇన్నాళ్ళూ ఆ మనిషి ఇలా అరిచేవాడా అని టీవీనే కట్టేశాడు. అసలు దెబ్బ అమ్మకి తగిలింది. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ ఆయన్ని, వాళ్ళ అక్కని, వాళ్ళ వంశాన్ని ప్రశాంతంగా తిట్టుకునే అలవాటున్న మనిషి. ముందు గదిలోంచి, "ఏటే, మా అక్కనేటన్నావ్?" అని వినబడేసరికి చేతిలో గరిట జారవిడిచింది. "నీ పరీక్ష మండా, తిట్టుకోడానికి కూడా ఇంట్లో సోటు లేకుండా సేసినావు," అని నా మీద పడింది.

కొన్నాళ్ళకి డాక్టరు సరేనంది, బండి తాళం ఆయన చేతికి తిరిగొచ్చింది. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. నాన్న చెవుల్లో యంత్రాలు సర్దుకున్నాడు, అద్దం సరిచేసుకున్నాడు, ఈసారి రోడ్డు కనబడేలా. గేటు దాటి స్కూటరు స్టార్ట్ చేశాడు. అమ్మ మెట్టు మీద నిలబడి, ఎప్పటిలాగే, ఎవరికోసమూ కానట్టు, "నెమ్మదిగా ఎల్లండి" అంది.

"అలాగేనే," అన్నాడు నాన్న, తల తిప్పకుండా.

స్కూటరు కదిలింది. అమ్మ మెట్టు మీదే ఉండిపోయింది. బండి వీధి చివర మలుపు తిరిగింది, దాని చప్పుడు కూడా ఆగిపోయింది. ఆయనకి ఇంక వినబడదని గట్టి నమ్మకం కుదిరాక అమ్మ కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళూ పలకనందుకు ఆయన్ని తిట్టడం మొదలెట్టింది.